మందు వరసకు మంచి గుడ్లు

సుంకమ్మ ఆ మాట తెలిసే చెప్పిందా, లేక తన కోడి గొప్ప చెప్పుకోబోయి బయటపెట్టేసిందా? ఆమె గమ్మునుండి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. యామిని రాసిన పరిశోధన పుస్తకం అట్టలు కట్టుకుని విశ్వవిద్యాలయానికి పోయేది, ఆమె పేరు ముందు డాక్టర్ అని చేరేది, అందరూ పాలకోవా తిని మరిచిపోయేవాళ్ళు. ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసినా ఈ ప్రశ్న దగ్గర ఆలోచన ఆగిపోతుంది. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్పవచ్చు.

సుంకమ్మది కర్నూలు పడమట, ఆస్పరి దగ్గర ఒక పల్లె. మూడెకరాల మెట్ట చేను, ఆరుగురు తోబుట్టువులు. వరసగా రెండేళ్ళు వాన మొహం చూపించకపోతే, మొగుడు ఉరుకుందు వెనక, చంకలో ఏడాది బిడ్డతో బయలుదేరి వచ్చింది. మైదుకూరు దగ్గర నాపరాళ్ళు కోసి నునుపు చేసే మిల్లులో పని ఉందని ఎవరో చెప్పారు. పని దొరికింది. మిల్లు వెనక రేకుల ఇల్లు దొరికింది. ముప్పై ఏళ్ళుగా అక్కడే. చంకలో వచ్చిన శివజ్యోతి ఇప్పుడు మైదుకూరులో రైకలు కుడుతుంది. ఉరుకుందు బండను చేత్తో తడిమి అది ఎక్కడ చీలుతుందో చెప్పగలడు గానీ, నోటితో మాట్లాడేది తక్కువ. ఆ తక్కువంతా సుంకమ్మే పూడ్చింది.

ఆమె కోళ్ళు పెంచింది. నాటు కోళ్ళు, అన్నీ పెట్టలు, రెండే పుంజులు. పందేల వాళ్ళు వచ్చి పుంజు పిల్లలు అడిగితే, "కత్తి కట్టించుకుని సచ్చేదానికా నేను సాకేది? పోండప్పా" అని పంపేసేది. గుడ్డు చూడటంలో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. పిడికిట్లో గుడ్డు పెట్టి ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూసేది. ఐదో రోజుకు లోపల ఎర్రటి నరాలు సాలీడు కాళ్ళలా పరుచుకుంటాయి. పదో రోజుకు చీకటి ముద్ద కదులుతుంది. "ఇది బతికుండాది. ఇది పోయింది. ఇది సందేహంలో ఉండాది, రేపు చెప్తా" అనేది. ఫోన్లు వచ్చాక ఎండ బదులు టార్చి. అంతకుమించి ఏమీ మారలేదు.

మూడేళ్ళ కిందట ఆ కోళ్ళకు రోగం తగిలింది. ఒక్కరోజులో పడిపోయే రోగం కాదు. ఎదిగిన పెట్ట మేత మానుతుంది, తలమీది ఎర్ర తురాయి తెల్లబోతుంది, ఒళ్ళు చిక్కి పొట్ట మాత్రం ఉబ్బుతుంది. నెలా నెలన్నరకు పోతుంది. అలా పంతొమ్మిదిలో పదకొండు పోయాయి. పశువుల డాక్టరు చచ్చిన కోడిని సంచిలో వేసుకుని, కడప రోడ్డులో కొత్తగా పెట్టిన పరిశోధన కేంద్రానికి పట్టుకుపోయాడు. వారం తిరక్కుండా అక్కడి నుంచి ఒక అమ్మాయి సుంకమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమే యామిని.

యామినిది ప్రొద్దుటూరు పక్కన రైతుల ఇల్లు. ఇంట్లో గొడ్లూ కోళ్ళూ చూసి పెరిగినదే గానీ, ఒక్క గుడ్డును కూడా రెండు చేతులతో పట్టుకునేది. బతికిన ఎనిమిది పెట్టలకూ రక్తం తీసి పరీక్ష చేసింది. రోగం దాక్కుని ఉందని తేలిన నాలుగింటిని వేరు చేయించింది. ఏ దోషమూ లేని నాలుగింటికీ కాలికి నీలం దారం కట్టింది. తర్వాత సుంకమ్మ పుట్టింటి నుంచి తెప్పించుకున్న పెట్టలకూ అదే పరీక్ష, అదే దారం.

"నీలం దారం ఉన్నవాటి గుడ్లు నాకు కావాలక్కా. పది రోజులు పొదిగినవి. మా దగ్గర పొదిగే యంత్రం ఉంది కానీ, కరెంటు పోయినప్పుడల్లా పిండాలు చచ్చిపోతున్నాయి."

"నా పెట్టలకు కరెంటు పోదులే పాపా. ఏం చేస్తావు వాటితో?"

యామిని చెప్పడానికి కూర్చుంది. ఈ రోగం తెచ్చేది కంటికి కనపడని వైరస్. మనుషులకు అంటదు, కోళ్ళకే. మామూలు వైరస్‌లు ఒంట్లో దూరి తమ పని చేసుకుని పోతాయి. ఇది రెట్రోవైరస్. ఆర్‌ఎన్‌ఏ అనే రాత ఒకటి వెంట తెచ్చుకుని, దాన్ని తిప్పి రాసి, కోడి సొంత రాతలో కలిపేస్తుంది. ఆ తర్వాత కోడి ఒళ్ళే దాని నకళ్ళు తీసి బయటికి పంపుతుంటుంది.

సుంకమ్మ నవ్వింది. "అంటే ఒగరి ఇంట్లో దూరి, ఈ ఇల్లు నాదే అని పట్టా పుట్టించుకునే రకం. మా పక్క ఇట్లాటోళ్ళు శానామంది ఉండారు. నువ్వేం చేస్తావు, కోర్టుకు పోతావా?"

"ఆ నకలును చదవనీకుండా చేస్తా. నకలంటే ఒక వరస అక్షరాలు. దానికి సరిగ్గా ఎదురు అక్షరాలతో చిన్న ముక్క తయారు చేస్తాం. యాంటీసెన్స్ అంటారు. అది పోయి వైరస్ రాతకు అతుక్కుంటుంది. అతుక్కున్నచోట కణం దాన్ని చదవలేదు, ఇంకో నకలు తీయలేదు."

సుంకమ్మ పక్కన శివజ్యోతి కుట్టి పెట్టిన రైక ఒకటి తీసింది. "ఇదా? ఈ పక్క హుక్కులు, ఆ పక్క కాజాలు. ఎదురెదురు కూడితేనే పడ్తాది. నువ్వు ముందే పోయి కాజాలన్నీ నీ హుక్కులతో మూసేస్తావు."

"అంతే అక్కా!"

"మరి హుక్కులు వంకరగా కుడితే?"

యామిని ఆమెకేసి చూసింది. ఈ ప్రశ్న కేంద్రంలో కొత్తగా చేరే విద్యార్థులు కూడా వెంటనే అడగరు. "అదీ చూస్తాం. అవే అక్షరాలను కలగాపులగం చేసి ఇంకో ముక్క తయారు చేస్తాం. అది అతుక్కోకూడదు. మూడు వరసల పళ్ళేలు పెడతాం. మూడింట్లోనూ నీ గుడ్ల నుంచి తీసిన కణాలే, మూడింటికీ వైరస్ అంటిస్తాం. ఒక వరసకు ఏమీ పోయం. ఒక వరసకు వంకర ముక్క. ఒక వరసకు అసలు మందు."

"ఏమీ పోయకుండా యాల? పాపం కదా."

"పోయని దానితో పోల్చుకోకపోతే, మందు వల్లే తగ్గిందని ఎట్లా తెలుస్తుంది?"

"ఓ," అంది సుంకమ్మ. ఆ తర్వాత ఎప్పుడు మాటొచ్చినా ఆ మూడో దాన్ని ఆమె మందు వరస అనే అనేది.

అలా రెండేళ్ళు గుడ్లు తెచ్చింది. వెదురు బుట్టలో వరిపొట్టు, పొట్టులో గుడ్లు, పైన పాత దుప్పటి. పల్లెవెలుగు బస్సులో బుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కండక్టరు ఏడిపించేవాడు.

"ఏమ్మా సుంకమ్మా, ఆడోళ్ళకు టికెట్టు లేదు సరే, ఆ బుట్టలో ఉండేవాళ్ళకు?"

"పదిదినాల పిండాలప్పా. అందులో ఆడదేదో మగదేదో నువ్వు చెప్పు, మగవాటికి టికెట్టు కొట్టు."

కేంద్రంలో ఆమెను లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. వైరస్ ఆమె చీరకంటుకుని తిరిగి కోళ్ళ దగ్గరికి పోతుందని భయం. గాజు తలుపు బయట బెంచీ ఒకటి ఉండేది. దాని మీద కూర్చుని లోపల యామిని చేతులు కదలడం చూసేది. గుడ్డు పగలగొట్టే సమయానికి మాత్రం మొహం పక్కకు తిప్పుకునేది.

మొదటి రెండుసార్లు ప్రయోగం చేస్తే మందు వరసలో వైరస్ తగ్గింది. ఒకసారి సగం, ఇంకోసారి సగానికీ తక్కువ. యామినికి దారి చూపే ప్రొఫెసరు ప్రేమయ్య నెమ్మది మనిషి. "తగ్గింది అని రాయొచ్చు. కానీ గట్టిగా అనలేం. మూడోసారి చెయ్యి. దాన్ని బట్టి ఉంటుంది నీ పుస్తకం" అన్నాడు. ఐదేళ్ళ పని. గడువు ఏప్రిల్ నెలాఖరు. దాటితే పేరు కొట్టేస్తారు, అంతే.

ఆ మూడోసారికి చిక్కొచ్చింది. గాలిని శుభ్రం చేసే గాజుపెట్టెలోనే ఈ పనంతా చేయాలి. ఉన్న రెండింటిలో ఒకటి చెడింది. మిగిలినది పూటకొకరు పంచుకుంటున్నారు. ఒక్క పూటలో మూడు వరసలూ కావు. అందుకని యామిని బుధవారం రెండు వరసలు, గురువారం మందు వరస పెట్టుకుంది. పెట్టలన్నీ నీలం దారానివే, తేడా ఏముంటుంది అనుకుంది.

"పాపా, మందు వరస ఏ పొద్దు?" అని ఫోన్లో అడిగింది సుంకమ్మ.

"బేస్తవారం అక్కా."

"సరేలే."

ఏప్రిల్ మొదట్లో ఫలితం వచ్చింది. చిన్న చిన్న గుంటలున్న పలకలో, పసుపు రంగు ఎంత ముదిరితే అంత వైరస్ ఉన్నట్టు. రెండు వరసలు ముదురు పసుపు. మందు వరస నీళ్ళలా తేటగా ఉంది. యామిని మూడుసార్లు చూసింది. ప్రేమయ్య వచ్చి కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకుని చూశాడు. మధ్యాహ్నానికి మైదుకూరు పాలకోవా వచ్చింది.

ఆ రోజు సుంకమ్మ కూడా వచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టి యామిని ఆమె చేతిలో రెండు కోవా బిళ్ళలు పెట్టింది.

"మందు వరసలో ఒక్క వైరస్ లేదక్కా! ఒక్కటంటే ఒక్కటి!"

సుంకమ్మ కోవా సగం కొరికి ఆగింది. "బేస్తవారం తెచ్చినవేనా అవి?"

"అవే."

సుంకమ్మ మిగిలిన సగం నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది. చెంగుతో వేళ్ళు తుడుచుకుంది.

"అవి బూడిదరంగు పెట్టవి, దాని కూతుర్లవి పాపా. వాటికి నువ్వు మందు పోసినా పోయకున్నా ఆ రోగం తగల్దు."

యామిని నవ్వబోయి ఆగిపోయింది. "ఏమంటున్నావక్కా?"

"ఆ పొద్దు పదకొండు పెట్టలు పోయిన్యా? అవన్నీ బూడిద దానితో ఒగే గంప కింద పండుకున్నవే. దాని నీళ్ళే తాగినవి. దానికి ఈక కూడా రాల్లే. దాని పిల్లలకూ అంతే. మిగతా నీలం దారాలన్నీ మా ఊర్నుంచి ఆ పొద్దు తర్వాత వచ్చినవి. వాటికి రోగం లేదంతే. దీనికి రోగం రాదు."

"మరి బుధవారం తెచ్చినవి?"

"మా ఊరి పెట్టలవి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగితివా? నీలం దారముంటే చాలంటివి." సుంకమ్మ గొంతులో తప్పు చేసినదాని బెరుకేమీ లేదు. "మా ఊళ్ళో విత్తనం వేసేటప్పుడు తొలిసాలుకు పెద్ద కంకుల గింజలు ఏరి పెడ్తాం. ఎట్లయినా చేను పండాల కదా. నీ మందుకు ఇది తొలిసాలు అనుకుంటి. వట్టి వరసలకు ఏవైనా సరిపోతాయి. మందు వరసకు మంచివి ఇయ్యకుంటే ఎట్ల?"

యామినికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. కొన్ని జాతుల కోళ్ళ కణాలకు ఈ వైరస్ లోపలికి పోయే తలుపే ఉండదు. పుస్తకాల్లో చదివినదే. తలుపు లేని ఇళ్ళకు కాపలా పెట్టి, దొంగలు రాలేదని పాలకోవా పంచింది. రెండు వరసలు ఒక రకం కోళ్ళు, మూడోది ఇంకో రకం. పోల్చడానికేమీ లేదు. లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. బయట సుంకమ్మ ఎంతసేపు కూర్చుందో ఆమె చూడలేదు.

సాయంత్రం ప్రేమయ్యకు చెప్పింది.

"ఆమె అన్న మాట ఏ రికార్డులోనూ లేదు కదమ్మా," అన్నాడాయన.

"లేదు సార్."

"నేను విన్నాను కాబట్టి నాకుంది. నువ్వు విన్నావు కాబట్టి నీకుంది. మూడోసారిది తీసేస్తే రెండుసార్లదే మిగుల్తుంది, పరీక్షకులు తిప్పి పంపుతారు. మళ్ళీ చేస్తే, ఎన్ని రోజులు?"

"గుడ్లు కూడబెట్టడానికి మూడు రోజులు. పొదగడానికి పది. పళ్ళేల్లో ఎనిమిది, చూసుకోవడానికి ఒకటి. ఇరవై రెండు."

"గడువు?"

"ఇరవై నాలుగు రోజులుంది సార్. ఎండలకు పెట్టలు పొదగడానికి కూర్చోవంటున్నారు."

"అది నాకు తెలియదు. ఆ డిపార్టుమెంటు సుంకమ్మది," అని ఆయన లేచాడు.

మరుసటి పొద్దున యామిని మొదటిసారిగా తనే బుట్ట పట్టుకుని మిల్లు వెనక రేకుల ఇంటికి పోయింది. దారి పొడవునా ఏమని మొదలుపెట్టాలా అని అనుకుంటూనే ఉంది. అక్కడ సుంకమ్మ అప్పటికే గంపలు కడిగి ఎండబెడుతోంది.

"వచ్చినావా? గుడ్లు పెడ్తాండేవి మా ఊరి పెట్టలు ఎనిమిది. బూడిద దానివి వేరే చాటలో పెట్టినా. ఈసారి నువ్వే ఏరుకో. నా చెయ్యి పెట్టను."

"నిన్న నేను లోపలికి పోయి..."

"ఎండకు నిలబడొద్దు. నీడకు రా."

యామిని ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో ఏ పెట్టదో రాసింది. ఈసారి సుంకమ్మ ఊరి పెట్టల గుడ్లన్నీ ఒకటిగా కలిపి, ఆ కణాలనే మూడు వరసలకూ పంచుతుంది. నాలుగో వరస కొత్తది. బూడిద పెట్ట గుడ్ల కణాలు, మందేమీ లేకుండా, వైరస్ మాత్రమే.

"దానికేమీ పోయవా?" అంది సుంకమ్మ.

"పోయను. నువ్వు చెప్పింది నిజమా కాదా చూడొద్దా?"

"చూడు చూడు. నా మాటకు కూడా పరీక్షే," అని మొగుడి వైపు తిరిగింది. "విన్యావా?"

గడప మీద బీడీ ఆర్పుకుంటున్న ఉరుకుందు ఆ వారంలో మొదటిసారి నోరు తెరిచాడేమో. "దారం కట్టాల్సింది కోడి కాలికి కాదమ్మా. ఈమె నోటికి."

యామిని నవ్వింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆమె నవ్వలేదు.

ఆ ఎండల్లో పెట్టలను పొదగడానికి కూర్చోబెట్టడం మాటలు కాదు. నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు. పెట్ట లేచి నోరు తెరుచుకుని రొప్పుతూ నీడకు పోతుంది, గుడ్లు ఎండకు వేడెక్కిపోతాయి. సుంకమ్మ ఇంటి వెనక నేలను జానెడు తవ్వి ఇసుక పోసి, పొద్దున మధ్యాహ్నం నీళ్ళు చల్లింది. ఇసుక మీద గంపలు, గంపల మీద తడి గోనెపట్టలు. ఉరుకుందు మిల్లు నుంచి రెండు పెద్ద బండలు దొర్లించుకొచ్చి పడమటి ఎండకు అడ్డం నిలబెట్టాడు. మధ్యాహ్నం పూట మూడు గంటలసేపు ఆమె ఆ గంపల దగ్గరే కూర్చునేది. లేవబోయిన పెట్టను వీపు మీద నిమిరి, "ఇంగ కొంచెంసేపమ్మా, నువ్వు చదివించే పాప ఉండాదిలే కడప రోడ్డులో" అని కూర్చోబెట్టేది. ఒక పెట్ట మాట వినలేదు. దాని కింది గుడ్లను మిగతావాటికి సర్దింది.

పదో రోజు టార్చి వేసి చూసింది. ముప్పై మూడింటిలో ఇరవై ఆరు కదిలాయి. అందులో బూడిదవాటివి తొమ్మిదికి ఎనిమిది. బుట్ట ఎత్తుకుని తనే తెచ్చింది. ఆ రోజు కండక్టరు ఏదో అన్నాడు గానీ, ఆమె నవ్వి ఊరుకుంది.

పళ్ళేల్లో పెట్టాక ఎనిమిది రోజులు గడిచాయి. యామిని నాలుగు వరసలూ ఒకే రోజు పెట్టడానికి, రోజంతా గాజుపెట్టె వదలమని తోటివాళ్ళందరినీ ముందే బతిమాలుకుంది. ఈసారి వచ్చేది ఏదైతే అదే రాయాలని ముందే అనుకుంది. అనుకోవడం సులువే. పలక యంత్రంలో పెట్టే రోజు ఆమె తెల్లవారకముందే కేంద్రానికి వచ్చింది.

సుంకమ్మను ఎవరూ రమ్మనలేదు. పదింటికి వచ్చి గాజు తలుపు బయట బెంచీ మీద కూర్చుంది. చేతిలో ఏమీ లేదు. ఇక గుడ్లు తెచ్చే పని కూడా లేదు.

లోపల యామిని ఒక్కో గుంటలో చుక్క చుక్క వేసింది. రంగు మెల్లగా ఎక్కింది. ఏమీ పోయని వరస ముదురు పసుపుకు తిరిగింది. వంకర ముక్క వరస కూడా దాదాపు అంతే. మందు వరస లేత పసుపు దగ్గర ఆగింది. నాలుగో వరస, మందన్నది చూడని బూడిద పెట్ట కణాలు, పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

యామిని పలకను పట్టుకుని గాజు తలుపు దగ్గరికి వచ్చింది. బయటి నుంచి సుంకమ్మ లేచి నిలబడి, మొహం గాజుకు ఆనించి చూసింది. యామిని వేలితో ఒక్కో వరసా చూపించింది. నాలుగోదాని దగ్గర సుంకమ్మ తల ఊపింది, తనకు తెలిసిందే అన్నట్టు. మూడోదాని దగ్గర వేలు పెట్టి ఆగి, కనుబొమ్మలు ఎత్తింది.

"సగం," అంది యామిని. గాజులోంచి మాట వినపడదని గుర్తొచ్చి, అరచెయ్యి అడ్డంగా పెట్టి సగం అని చూపించింది. "సగం తగ్గింది. నిజంగా తగ్గింది."

సుంకమ్మ ఆ లేత పసుపు వైపు ఇంకాసేపు చూసింది. ఏదో అంది. గాజు ఇవతలకి వినపడలేదు.

రంగు కొలిచే యంత్రంలో పలక పెట్టగానే అంకెలు రావడం మొదలైంది. యామిని వెనక్కి తిరిగి కూర్చుని రాసుకుంది. వైరస్ వందకు యాభై ఆరు పాళ్ళు తగ్గింది. మూడుసార్లలో ఇదే ఎక్కువ. వంకర ముక్కతో ఏమీ తగ్గలేదు. తగ్గించింది మందే, సందేహం లేదు. అంతా తగ్గలేదు, సగమే. ఈ సగంతో పుస్తకం నిలబడుతుంది. బూడిద పెట్ట సంగతి ఇంకొకరు మొదలుపెట్టాల్సిన ఇంకో పుస్తకం. రెండు పేజీలు నిండాయి. సంతకం చేసి, తారీఖు వేసి, ఏ గుడ్లు ఎవరి దగ్గర నుంచి వచ్చాయో రాసే గడిలో "సుంకమ్మ, మైదుకూరు" అని పూర్తిగా రాసి, ఆ మాట చెబుదామని తలెత్తింది.

బెంచీ ఖాళీగా ఉంది.

యామిని చేతి తొడుగులు తీసేసి, బయటికొచ్చి, వరండా దాటి గేటు దాకా పోయింది. వాచ్‌మన్ హనుమేష్ కుర్చీలో నుంచి లేచాడు.

"సుంకమ్మక్క యాడ?"

"మైదుకూరు బస్సు వచ్చింటే ఎక్కిందమ్మా. శానాసేపయింది."

"నాకేమైనా చెప్పమనిందా?"

"లేదమ్మా. చెయ్యెత్తి బస్సు ఆపింది, ఎక్కింది, పోయింది."